ఆటలో ఎదుగుదలకు కొలత ఏది?

పొలానికి ఎకరాల లెక్క, ధాన్యానికి పుట్ల లెక్క, బంగారానికి తులాల లెక్క ఉన్నట్లే ఆటకు కూడా ఒక లెక్క ఉంది. లెక్క లేని ఆట ఎంతోసేపు సాగదు. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది తేలకపోతే ఆడేవారికి హుషారు ఉండదు, చూసేవారికి ఆసక్తి ఉండదు. అయితే ఎకరాల లెక్క పొలం ఎంత ఉందో చెపుతుందే గాని, ఆ పొలం పండుతుందో లేదో చెప్పదు. అదే విధంగా ఆటలో వచ్చిన పాయింట్లు ఆ పూట ఏం జరిగిందో చెపుతాయే గాని, ఆడినవాడు ఎదిగాడో లేదో అన్నిసార్లూ చెప్పవు. పాయింట్లు పెరగడం వేరు, ఆటగాడు పెరగడం వేరు. ఈ తేడా తెలియకపోతే పిల్లలు తమ కాలాన్ని, ఒక్కొక్కసారి తమ ధనాన్ని కూడా పోగొట్టుకొనే ప్రమాదం ఉంది.

కృష్ణగిరి జిల్లాలో డెంకణికోట నుండి హొగెనకల్లు వైపు కొండల మీదుగా సాగే దారిలో అంచెట్టి అనే ఊరు ఉంది. చుట్టూ అడవి, కొండలు, రాగి చేలు. తమిళం, తెలుగు, కన్నడం మూడు భాషలూ కలిసిమెలిసి వినిపించే సీమ అది. అంచెట్టి వంటి ఊళ్లలో పిల్లలకు ఈనాడు రెండు ఆటస్థలాలు ఉన్నాయి. ఒకటి ఎండకు ఎండి, వానకు తడిసే మైదానం. రెండవది అరచేతిలో ఇమిడిపోయే సెల్‌ఫోను తెర. మైదానంలో పరుగెత్తే పిల్లవాడు నిన్నటికంటె ఈ రోజు ఎంత మెరుగయ్యాడో చెప్పేవారు అరుదు. తెర మీద ఆడే పిల్లవాడికి మాత్రం ఆ సంగతిని ఫోను క్షణక్షణమూ చెపుతూనే ఉంటుంది. పాయింట్లు పెరిగాయని చెపుతుంది, పై మెట్టుకు చేరావని మెచ్చుకొంటుంది, గంట మోగిస్తుంది, బంగారు నక్షత్రాన్ని చూపుతుంది. పిల్లల మనసు తెర వైపు లాగడానికి రంగులూ బొమ్మలూ మాత్రమే కారణం కాదు. తాము ముందుకు పోతున్నామన్న మాట ఎవరైనా చెపితే వినాలన్న కోరిక అసలు కారణం. ఆ కోరిక తప్పు కాదు. దాన్ని తీర్చే కొలత సరైనదా కాదా అన్నదే ఆలోచించవలసిన విషయం.

ఈ ఆలోచనకు పాతకాలపు ఆటలే మంచి దారి చూపుతాయి. బిళ్ళంగోడు ఆటలో బిళ్ళ ఎంత దూరం పోయిందో కొలవడానికి టేపు అక్కరలేదు. బిళ్ళను కొట్టిన కర్రే కొలకర్ర అవుతుంది. ఆ కర్రతో నేల మీద కొలుచుకొంటూ పోతే లెక్క తేలుతుంది. అందరికీ ఒకే కర్ర కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు. ఒక మంచి కొలతకు ఉండవలసిన మొదటి లక్షణం ఇదే: కొలబద్ద అందరికీ ఒకటిగా ఉండాలి, నిన్నటికీ నేటికీ మారకుండా ఉండాలి.

తొక్కుడుబిళ్ళ, వైకుంఠపాళి ఆటలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకొక సంగతి తెలుస్తుంది. రెండింటిలోనూ ఒక గడి నుండి ఇంకొక గడికి పోవడమే ఆట. తొక్కుడుబిళ్ళలో పై గడికి పోవాలంటే గురి ఉండాలి, ఒంటికాలి మీద నిలబడే నిదానం ఉండాలి. గీత తొక్కితే ఆట పోతుంది. వైకుంఠపాళిలో పందెం పడితే చాలు, నిచ్చెన ఎక్కవచ్చును. పడకపోతే పెద్దపాము నోట పడి కిందికి జారవచ్చును. నూరుసార్లు వైకుంఠపాళి ఆడినవాడు మొదటిసారి ఆడేవాడికంటె మెరుగైన ఆటగాడు కాడు. నూరుసార్లు తొక్కుడుబిళ్ళ ఆడిన పిల్ల మాత్రం తప్పక మెరుగవుతుంది. రెండూ మంచి వినోదాలే. కాని మొదటిదానిలో మెట్టు ఎక్కేది పావు. రెండవదానిలో మెట్టు ఎక్కేది మనిషి. నేటి వీడియో ఆటలకు కూడా ఈ ప్రశ్నే వేయాలి: ఇందులో మెట్టు ఎక్కుతున్నది తెర మీది బొమ్మా, ఆడుతున్న మనిషా?

వీడియో ఆటలన్నీ పనికిరానివని తోసివేయడం న్యాయం కాదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే శాస్త్రవేత్త టెట్రిస్ అనే ఆటను రూపొందించాడు. పైనుండి పడే రకరకాల దిమ్మలను ఖాళీ లేకుండా వరుసగా పేర్చడమే ఆ ఆట. 1989లో జపానుకు చెందిన నింటెండో సంస్థ దాన్ని తన యంత్రానికి తగినట్లు విడుదల చేసింది. అందులో 29వ మెట్టు దగ్గర దిమ్మలు ఎంత వేగంగా పడతాయంటే, మనిషి చేతులు అంతకు మించి ఆడలేవని చాలా ఏళ్లు అందరూ నమ్మారు. తరువాత వచ్చిన ఆటగాళ్లు మీటను నొక్కే పద్ధతినే మార్చారు. పరికరం వెనుక వైపు వేళ్లను వరుసగా తట్టి, వేగాన్ని ఎంతో పెంచుకొన్నారు. 2023 డిసెంబరులో అమెరికాలోని 13 ఏళ్ల బాలుడు 157వ మెట్టు దాకా పోగా, ఆటే ఇక సాగలేక నిలిచిపోయింది. ముప్ఫై నాలుగేళ్లలో ఆ ఆట మారలేదు, దాని వేగం తగ్గలేదు. మారినది మనిషి. కొలబద్ద మారకుండా నిలిచినందువల్లనే ఆ ఎదుగుదల అందరికీ కనబడింది.

ఈనాడు ఫోనులో దొరికే అన్ని ఆటలూ ఇటువంటివి కావు. కొన్ని ఆటల్లో రోజూ తెరిచి చూసినంత మాత్రానే బహుమతి వస్తుంది. ఒక రోజు తెరవకపోతే అంతవరకు కూడిన వరుస తెగిపోతుంది. ఎక్కువ గంటలు ఆడినవాడికి పెద్ద అంకె, డబ్బు పెట్టి ఆయుధం కొన్నవాడికి ఇంకా పెద్ద అంకె. కొన్నింటిలో కొత్తగా చేరినవారికి ఎదురుగా మనుషులను కాక, యంత్రమే నడిపే బొమ్మలను నిలుపుతారు. వాటిని సులువుగా ఓడించి, తాను గొప్ప ఆటగాడినయ్యానని పిల్లవాడు మురిసిపోతాడు. ఇక్కడ పెరుగుతున్నది అతని నేర్పు కాదు, అతను కూర్చున్న కాలం. కాలాన్ని కొలిచి, దానికి నేర్పు అని పేరు పెట్టడం తూకంలో మోసం చేయడం వంటిదే. అంగడిలో త్రాసు ఒకవైపు మొగ్గితే అడిగే పెద్దలు, పిల్లల చేతిలోని ఈ త్రాసును కూడా పరీక్షించి చూడాలి.

డబ్బు పందెం కట్టి ఆడే ఆటల్లో ఈ మోసం ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. ఓడినవాడు పోయినదాన్ని రాబట్టుకోవాలని మరల మరల ఆడతాడు. అందువల్ల ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్ అనబడే నేర్పుతో కూడిన పోటీలను క్రీడగా గుర్తించింది. 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడల్లో వీడియో ఆటల పోటీలకు మొదటిసారిగా పతకాలు లెక్కకు వచ్చాయి. డబ్బు పందేన్ని, క్రీడా పోటీని వేరుచేసి చూడడమే ఈ చట్టంలోని సారం. పిల్లలు కూడా తమ ఆటలను ఆ విధంగానే వేరుచేసి చూసుకోవాలి.

నేర్పును నిజాయితీగా కొలిచే పద్ధతి ఒకటి చదరంగంలో ఉంది. హంగేరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆర్పాడ్ ఎలో దాన్ని రూపొందించాడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో దాన్ని స్వీకరించింది. ఆ పద్ధతిలో ప్రతి ఆటగాడికీ ఒక అంకె ఉంటుంది. ఇద్దరి అంకెలూ సమానమైతే ఇద్దరికీ చెరిసగం పాయింట్లు రావాలి. ఒకరికి 200 పాయింట్లు ఎక్కువ ఉంటే నూటికి సుమారు 76 పాయింట్లు అతనికి రావాలి. 400 ఎక్కువ ఉంటే సుమారు 91 రావాలి. అనుకొన్నదానికంటె బాగా ఆడితే అంకె పెరుగుతుంది. తక్కువగా ఆడితే తగ్గుతుంది. తనకంటె బలహీనుణ్ణి ఓడిస్తే దక్కేది కొంచెమే. బలవంతుణ్ణి ఓడిస్తే దక్కేది ఎక్కువ. ఎన్ని గంటలు కూర్చున్నారన్నది ఈ లెక్కకు పట్టదు. అందుకే ఎదురెదురుగా మనుషులు ఆడే అనేక వీడియో ఆటలు కూడా ఇటువంటి లెక్కనే వాడుతున్నాయి. విజయవాడ ప్రాంతం నుండి వచ్చిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టరు అయింది. 2007లో ఆమె 2600 పాయింట్లను దాటింది. అంతకు ముందు ఆ ఎత్తుకు చేరిన మహిళ హంగేరీకి చెందిన జుడిత్ పోల్గార్ ఒక్కతే. ఆ అంకె వెనుక ఉన్నది ఎన్నో ఏళ్ల సాధన.

అయినా ఇంత మంచి కొలత కూడా అంతా చెప్పలేదు. 2024 డిసెంబరు 12న సింగపూరులో దొమ్మరాజు గుకేశ్ చైనాకు చెందిన డింగ్ లిరెన్‌ను ఏడున్నర - ఆరున్నర పాయింట్ల తేడాతో ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. చెన్నైలో పుట్టి పెరిగిన ఈ తెలుగు కుటుంబపు యువకుడికి అప్పుడు 18 ఏళ్లు. ఆ నెల సమాఖ్య ప్రకటించిన పట్టికలో గుకేశ్ అంకె 2783. అదే పట్టికలో వరంగల్లుకు చెందిన ఎరిగైసి అర్జున్ 2801 పాయింట్లతో అతనికంటె పైన ఉన్నాడు. నార్వేకు చెందిన మాగ్నస్ కార్ల్‌సెన్ అందరికంటె పైన ఉన్నాడు. పట్టిక తప్పా? కాదు. కిరీటం తప్పా? అదీ కాదు. పట్టిక ఎంతోకాలపు నిలకడను కొలుస్తుంది. కిరీటం ఒక పెద్ద పరీక్షలో నిలబడిన ధైర్యాన్ని కొలుస్తుంది. ఒకటి రెండవదానికి బదులు కాదు.

గుకేశ్ ఎదుగుదలలో ఇంకొక పాఠం ఉంది. ఈ కాలంలో చదరంగం నేర్చుకొనే పిల్లలు కంప్యూటరును పక్కన పెట్టుకొని ఆడతారు. ప్రతి ఎత్తుకూ అది వెంటనే ఒక అంకె వేసి, మంచిదో చెడ్డదో చెపుతుంది. గుకేశ్‌కు శిక్షణ ఇచ్చిన గ్రాండ్‌మాస్టరు విష్ణు ప్రసన్న మాత్రం చాలా ఏళ్లు ఆ యంత్రం జోలికి పోనీయలేదు. జవాబును అంకెలో చూసుకోక, బుర్ర పెట్టి వెదకడం ఆ బాలుడికి అలవాటు కావాలని ఆయన కోరిక. గుకేశ్ 2019 జనవరిలో పన్నెండేళ్ల వయసులోనే గ్రాండ్‌మాస్టరు అయ్యాడు. క్షణక్షణమూ కొలత చూసుకోకపోవడం వల్ల ఎదుగుదల ఆగదని ఇందువల్ల తెలుస్తుంది. విత్తనం మొలిచిందో లేదో అని రోజూ మట్టిని తవ్వి చూసే రైతుకు పంట చేతికి రాదు.

ఇక మైదానపు ఆటల సంగతి. ఇక్కడ కొలతలు గడియారంలోనూ, కిలోల్లోనూ ఉంటాయి. వాటికి మొగమాటం లేదు. విశాఖపట్నానికి చెందిన యర్రాజి జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్ పరుగును 2022 ఏప్రిల్‌లో కోళికోడులో 13.09 సెకన్లలో ముగించింది. అది అప్పటి జాతీయ రికార్డు 13.38 కంటె ఎంతో మెరుగు. అయినా దాన్ని రికార్డుగా గుర్తించలేదు. వెనుకనుండి వీచే గాలి సెకనుకు 2 మీటర్లకు మించరాదన్నది నియమం. ఆ రోజు గాలి 2.1 మీటర్లు. ఆమె నిరాశపడి కూర్చోలేదు. మే 10న సైప్రసు దేశంలో 13.23 సెకన్లలో పరుగెత్తి, ఇరవై ఏళ్లనాటి రికార్డును నియమం ప్రకారమే చెరిపివేసింది. అదే ఏడాది అక్టోబరులో 12.82 సెకన్లకు, 2023లో చైనాలోని చెంగ్‌డూ నగరంలో 12.78 సెకన్లకు చేరింది. 13.23 చిన్న విజయం, 13.09 పెద్ద విజయం అనిపించవచ్చును. కాని గాలి సాయాన్ని లెక్కలోంచి తీసివేస్తేనే మనిషి బలం ఎంతో తేలుతుంది. గాలి సాయంతో వచ్చిన వేగాన్ని క్రీడ తన పుస్తకంలో రికార్డుగా రాసుకోదు. కొన్న ఆయుధంతో వచ్చిన మెట్టును ఫోను మాత్రం పేరుతో సహా రాసుకొంటుంది. రెండింటికీ ఉన్న తేడా ఇదే.

కొలత తగ్గితే ఆటగాడు తగ్గాడని అనుకోవడం కూడా తొందరపాటు. సేలం జిల్లాలో పుట్టిన మారియప్పన్ తంగవేలు, చిన్ననాటి ప్రమాదంలో ఒక కాలు దెబ్బతిన్నా, 2016లో రియో పారాలింపిక్సులో 1.89 మీటర్లు ఎగిరి బంగారు పతకం పొందాడు. 2021లో వాన నడుమ జరిగిన టోక్యో పోటీలో 1.86 మీటర్లతో వెండి పతకం, 2024లో పారిస్‌లో 1.85 మీటర్లతో కంచు పతకం గెలుచుకొన్నాడు. అంకెలు మాత్రమే చూసేవారికి ఇది దిగుడు మెట్ల వరుస. ఎనిమిదేళ్లపాటు ప్రపంచంలోని మేటి ఆటగాళ్ల నడుమ నిలబడి, వరుసగా మూడు పతకాలు తేవడమన్నది ఆలోచించేవారికి కొండంత ఎత్తు.

పి.వి. సింధు కథ కూడా ఇటువంటిదే. ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీల్లో ఆమెకు 2013లో కంచు, 2014లో కంచు, 2017లో వెండి, 2018లో వెండి, 2019లో బంగారం వచ్చాయి. 2017 చివరి పోటీలో జపానుకు చెందిన ఒకుహరతో 110 నిమిషాలు పోరాడి, ఆఖరి గేమును 20-22 తేడాతో చేజార్చుకొంది. రెండేళ్ల తరువాత అదే ఒకుహరను 21-7, 21-7 తేడాతో 38 నిమిషాల్లో ఓడించింది. ఈ నడుమ ఆమె నేర్పు పతకాలు వచ్చిన రోజుల్లో మాత్రమే పెరగలేదు. తెల్లవారుజామున లేచి సాధన చేసిన, ఏ పట్టికకూ ఎక్కని రోజుల్లోనే పెరిగింది. పతకం ఆ పెరుగుదలకు ఆలస్యంగా వచ్చిన రసీదు మాత్రమే.

కొందరు ఇంకొక వాదన చేస్తారు. పిల్లల ఆటకు కొలతలెందుకు, ఆనందం చాలదా అని అడుగుతారు. ఆనందం ముఖ్యమే. కాని కొలతను పూర్తిగా వదిలివేస్తే ముందుగా నష్టపోయేది పేద పిల్లలు, పల్లెటూరి పిల్లలు. పట్నంలో పేరున్న శిక్షణ కేంద్రంలో చేరిన పిల్లవాణ్ణి చూసి మెచ్చుకొనేవారు పదిమంది ఉంటారు. మారుమూల ఊరిలో పరుగెత్తే ఆడపిల్ల బలం ఎంతో చెప్పగలిగేది గడియారం ఒక్కటే. గడియారానికి ఊరు తెలియదు, భాష తెలియదు, కులం తెలియదు. శ్రీకాకుళం జిల్లాలోని ఊసవానిపేట అనే పల్లె నుండి వచ్చిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్సులో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆ ఇనుము ఆమె పుట్టిన ఊరు పెద్దదా చిన్నదా అని అడగలేదు. బంగారు, వెండి పతకాలు పొందిన ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలు, తేడా రెండున్నర కిలోలే అని కూడా ఆ కొలతే చెప్పింది. కాబట్టి కొలతను పారవేయరాదు, దాన్ని సరిగా వాడుకోవాలి.

సరిగా వాడుకోవడానికి పెద్ద స్టేడియం అక్కరలేదు. అంచెట్టి పాఠశాలలో చదివే పిల్లలు ఒక టేపు, ఒక చేతి గడియారం, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు, ఈ పని మొదలు పెట్టవచ్చును. మైదానంలో 400 మీటర్లు కొలిచి గుర్తులు పెట్టుకోవాలి. నెలకు రెండుసార్లు, అదే చోట, అదే వేళకు పరుగెత్తి, పట్టిన కాలాన్ని రాసుకోవాలి. ఎండా వానా, నేల తడిగా ఉందా పొడిగా ఉందా, ఒంట్లో నలతగా ఉందా అన్నది కూడా పక్కన రాయాలి. జ్యోతి పరుగులో గాలిని లెక్కించినట్లే ఇది కూడా. రోజూ కొలవడం వల్ల లాభం లేదు. ఒక్కరోజులో వచ్చే హెచ్చుతగ్గులు మనసును కలవరపెడతాయే గాని ఏమీ నేర్పవు. ఫలితాన్ని ఒక వరుసలోనూ, చేసిన సాధనను ఇంకొక వరుసలోనూ రాయాలి. ఫలితం చేతిలో ఉండకపోవచ్చును; సాధన మాత్రం చేతిలోనిదే. నేస్తాలతో పోల్చుకోవడం పోటీ రోజున సరిపోతుంది; మిగిలిన రోజుల్లో నిన్నటి తనతోనే పోల్చుకోవాలి.

ఫోనులో ఆడే ఆటకు కూడా ఇదే పరీక్ష పెట్టవచ్చును. ఈ ఆటలో బాగా ఆడినందుకు మెట్టు పెరిగిందా, ఎక్కువసేపు ఆడినందుకు పెరిగిందా? పేరూ, ఆయుధాలూ, బహుమతులూ తీసివేసి, మరల మొదటి నుండి ఆడితే నిన్నటికంటె త్వరగా అక్కడికి చేరగలనా? ఆపాలనుకొన్నప్పుడు ఆపగలుగుతున్నానా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో ఆట వ్యసనాన్ని కూడా చేర్చింది. ఆపుకోలేకపోవడం, మిగిలిన పనులన్నింటికంటె ఆటకే ముందు చోటు ఇవ్వడం దాని గుర్తులని ఆ సంస్థ చెప్పింది. మూడు ప్రశ్నలకూ మంచి జవాబు వస్తే ఆ ఆట నేర్పును పెంచే ఆట. రాకపోతే అది కొత్త రంగులు వేసిన వైకుంఠపాళి.

పెద్దలకు కూడా ఇందులో బాధ్యత ఉంది. ఫోను లాక్కొన్నంత మాత్రాన పిల్లలు మైదానానికి రారు. ఫోను ఇచ్చే మెప్పును మైదానం కూడా ఇవ్వగలగాలి. వ్యాయామ ఉపాధ్యాయుడు పిల్లవాడి పేరు పిలిచి, పోయిన నెలకంటె మూడు సెకన్లు తగ్గించాడని నలుగురిలో చెపితే, ఆ మాట తెర మీద మెరిసే నక్షత్రంకంటె ఎక్కువ కాలం గుర్తుంటుంది. చివరగా వచ్చిన పిల్లకు కూడా చెప్పడానికి అటువంటి మాట ఒకటి ఉంటుంది, ఎవరైనా కొలిచి రాసి ఉంచితే. మొదటి బహుమతి ఒక్కరికే ఇవ్వగలరు. ఎదిగానన్న తృప్తిని మాత్రం తరగతిలోని ప్రతి ఒక్కరికీ ఇవ్వవచ్చును.